తుపాను వేళ విజ్ఞాపన: గొలుసు ప్రార్థన ఎలా కట్టాలి, ఏమని అడగాలి?

తీరపు_కావలి

అందరికీ వందనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపానుల కాలం. టీవీలో అల్పపీడనం అన్న మాట వినపడగానే ప్రతి సంఘంలోనూ మోకాళ్లు వంగుతాయి, అది మంచిదే. కానీ చాలాచోట్ల ప్రార్థనంతా ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతోంది: "ప్రభువా, తుపానును ఆపు." మూడు రోజులూ అదే మాట. ఆపమని అడగడం తప్పని అనను. గలిలయ సముద్రం మీద గాలిని గద్దించినవాణ్నే కదా అడుగుతున్నాం. అయితే ఆ మూడు రోజుల్లో ఎవరి కోసం, ఏ గంటకు, ఏమని అడగాలో తెలిసి అడిగే ప్రార్థన వేరు.

కృష్ణా జిల్లా తీరంలోని కొన్ని చిన్న సంఘాలు కలిసి ఒక పద్ధతి రాసుకోవాలని చూస్తున్నాయి. హెచ్చరిక దశను బట్టి ప్రార్థనాంశాలు ఎలా మారాలి? ఒకరి తరవాత ఒకరు వంతులు వేసుకుని ఆపకుండా చేసే 24 గంటల గొలుసు ప్రార్థనకు ఎంతమంది కావాలి? ఉపవాసం ఎవరు ఉండొచ్చు, ఎవరు ఉండకూడదు? తుపాను దారి మళ్లితే సాక్ష్యం ఎలా చెప్పాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

మందిర_కాపరి

వందనాలు బ్రదర్. పద్ధతి కంటే ముందు పునాది.

విజ్ఞాపన చేసేవాడు ఇంకొకరి పక్షాన నిలబడతాడు. యెహెజ్కేలు 22:30లో దేవుడు వెతికింది బద్దలైన సందులలో నిలిచే మనిషిని. ఆదికాండము 18లో అబ్రాహాము 50 మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి 10 మంది దాకా దిగుతూ అడిగాడు. అక్కడ గమనించాల్సింది, అతను బతిమాలింది తన గుడారం కోసం కాదు, తనది కాని సొదొమ పట్టణం కోసం. సంఖ్యాకాండము 16లో తెగులు మొదలయ్యాక అహరోను ధూపార్తి పట్టుకుని చచ్చినవారికీ బతికినవారికీ మధ్యకు పరుగెత్తాడు. అపాయం ఉన్నచోటికే వెళ్లి నిలబడ్డాడు, దూరం నుంచి చేతులెత్తలేదు.

తుపానుకు సరిగ్గా సరిపోయే అధ్యాయం మాత్రం అపొస్తలుల కార్యములు 27. ఊరకులోను అనే పెనుగాలి, పౌలు ఎక్కిన ఓడలో 276 మంది, 14 రాత్రులు. ఎవరి ప్రాణానికీ హాని ఉండదని దేవదూత పౌలుకు చెప్పాడు. వాగ్దానం చేతికి వచ్చింది. ఆ తరవాత ఏం జరిగిందో చూడండి. నావికులు లోతు కొలిచారు, మొదట 20 బారలు, కాస్త ముందుకెళ్లాక 15. రాళ్లకు కొట్టుకుంటామని వెనక నుంచి నాలుగు లంగరులు వేశారు. కొందరు పడవ దించుకుని పారిపోబోతే పౌలే శతాధిపతితో, వీళ్లు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరన్నాడు. అందరినీ తినమని బతిమాలాడు. గోధుమలు సముద్రంలో పారబోసి ఓడ తేలిక చేశారు. చివరికి ఓడ పోయింది, మనుషులందరూ గట్టుకు చేరారు.

వాగ్దానం ఉంది కదా అని లంగరు మానలేదు, లంగరు ఉంది కదా అని ప్రార్థనా మానలేదు. నెహెమ్యా 4:9లోనూ అంతే, ప్రార్థన చేసి రాత్రింబగళ్లు కావలి పెట్టారు. మీ పద్ధతి ఈ రెండు కాళ్ల మీద నడవాలి.

వాతావరణ_విద్యార్థి

కాపరి గారు లోతు కొలవడం గురించి రాశారు. మనకు ఆ కొలత వాతావరణ శాఖ బులెటిన్. తుపాను దశలో ప్రతి మూడు గంటలకు ఒకటి వస్తుంది. ప్రార్థన నాయకుడు ముందు అది చదవాలి, తరవాతే అంశాలు చెప్పాలి.

గాలి వేగాన్ని బట్టి పేర్లు: గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లయితే వాయుగుండం, 51–62 తీవ్ర వాయుగుండం, 63–88 తుపాను, 89–117 తీవ్ర తుపాను, 118–165 అతి తీవ్ర తుపాను. అల్పపీడనం పుట్టగానే "మహా తుపాను వస్తోంది" అని ప్రార్థన పిలుపు పంపితే జనం రెండోసారి నమ్మరు. అల్పపీడనాల్లో చాలావాటికి తుపానయ్యే బలమే ఉండదు.

హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి, సుమారు 72 గంటల ముందు ఒకటి, 48 ముందు ఒకటి, 24 ముందు ఒకటి, తీరం దాటడానికి 12 గంటల ముందు ఇంకొకటి. ప్రార్థనను వీటికే కట్టండి.

72 గంటల ముందు భారమంతా సముద్రం మీద ఉన్నవాళ్లదే. మరబోట్లు ఒకసారి వేటకు వెళితే చాలా రోజులు లోపలే ఉంటాయి. సెల్‌ఫోను సిగ్నల్ తీరం దగ్గరే, లోపల వైర్‌లెస్ సెట్టే ఆధారం. కబురు అందిందా, డీజిల్ సరిపోతుందా, దగ్గరి రేవు ఏది అన్నవి ప్రార్థనాంశాలు. బోటు సంఘం వాళ్లను అడిగితే ఇంకా రాని బోట్ల పేర్లు చెబుతారు. ఆ పేర్లతో ప్రార్థించండి, బోటు చేరగానే చెరిపేయండి. కీర్తన 107లో ఓడలెక్కి సముద్రప్రయాణం చేసేవాళ్ల వచనాలు ఈ గంటకే.

48 గంటల ముందు కలెక్టరు, తహసీల్దారు, వీఆర్వో స్థాయిలో నిర్ణయాలు జరుగుతాయి. ఎవరిని ఎప్పుడు కదిలించాలి, ఏ బడి తెరవాలి, బస్సులు ఎన్ని. 1 తిమోతి 2లో అధికారుల కోసం విజ్ఞాపన చేయమన్నది ఇలాంటి రోజు గురించి కూడా. బులెటిన్ రాసే వాతావరణ నిపుణుల వివేకం కోసం ప్రార్థించే సంఘాలు చాలా తక్కువ, ఈ లోటు తీర్చండి.

24 గంటల ముందు ఇల్లు వదలని ముసలివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు. వీళ్లను దిగువలో ఇంకా రాస్తాను.

తీరం దాటే గంటల్లో ఒక ముఖ్యమైన సంగతి. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, ఊరి మీదుగా వెళితే గాలి ఒక్కసారి ఆగిపోతుంది. కొన్ని నిమిషాల నుంచి గంట దాకా నిశ్శబ్దం. "ప్రార్థన ఫలించింది, తుపాను ఆగింది" అని తలుపులు తీసి బయటికి వస్తే, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో గాలి కొడుతుంది. మొదటి గాలికి వదులైన చెట్లు, గోడలు రెండో గాలికి పడతాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరూ బయటికి రాకూడదన్నదే ప్రార్థన కావాలి.

వాతావరణ_విద్యార్థి

ఇంకొకటి మరిచాను. ఉప్పెన ఎక్కడ ఎక్కువో తెలిసి ప్రార్థించాలి. మన తీరం మీదికి వచ్చే తుపానుకు అది నడిచే దారి కుడివైపున, అంటే సాధారణంగా ఉత్తరాన, గాలి సముద్రాన్ని భూమి మీదికి తోస్తుంది. ఎడమవైపున గాలి భూమి నుంచి సముద్రం మీదికి వెళుతుంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర, ఉప్పెన ముంచింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమను. సుమారు 5 మీటర్ల నీరు, అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మరణాలు. "మన ఊరి దగ్గర దాటట్లేదులే" అని ప్రార్థన గొలుసు విప్పేసే ముందు మీ ఊరు దారికి ఏ వైపున ఉందో చూసుకోండి.

లంగరు

గొలుసు ప్రార్థన లెక్క నేను రాస్తాను.

క్రైస్తవ చరిత్రలో దీనికి పేరున్న ఉదాహరణ జర్మనీలోని హెర్న్‌హుట్. 1727 ఆగస్టులో 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు ఒక్కొక్కరు ఒక్కో గంట చొప్పున పంచుకుని మొదలుపెట్టిన ప్రార్థన వందేళ్లకు పైగా ఆగలేదు. రోజుకు ఒక్క గంట, అంతే. గొలుసు అందుకే నిలిచింది.

మన సంఘాల్లో గొలుసు తెగిపోయే కారణం ఒకటే: మొదటి రాత్రి అందరూ కలిసి తెల్లవార్లూ కూర్చుంటారు. రెండో రోజు గొంతు పోతుంది, మూడో రోజు అసలు తుపాను తీరం దాటే వేళకు కాపరి గారొక్కరే మిగులుతారు. ముఖ్యమైన గంటకు మనుషులు ఉండరు.

అరగంట చొప్పున 24 గంటలకు 48 వంతులు. వంతుకు ఇద్దరు, 96 మంది. అంతమంది లేని చిన్న సంఘం గంట చొప్పున 24 వంతులు చేసుకుని ఇద్దరేసి చొప్పున 48 మందితో నడపొచ్చు. 48 కూడా లేకపోతే పక్క ఊరి సంఘంతో కలవండి, సంఘాల శాఖ పేరు అడ్డం పెట్టుకోకండి. ఇద్దరు ఎందుకంటే ఒకరు నిద్రపోతే ఇంకొకరు లేపుతారు, ఒకరి ఇంట్లో అత్యవసరం వస్తే వంతు ఖాళీ కాదు. ఒకే ఇంటివాళ్లను ఒకే వంతుకు వేయకండి. ఆ ఇంటిని తరలిస్తే ఇద్దరూ ఒకేసారి పోతారు.

వంతుల పట్టిక కాగితం మీద రాసి మందిరం తలుపుకూ, నాయకుల ఇళ్లలోనూ అంటించండి. తీరం దాటాక టవర్లు పడిపోతాయి, వాట్సాప్‌లో పెట్టిన పట్టిక ఎవరికీ కనపడదు. ఫోను లేకపోయినా "నా వంతు తెల్లవారుజామున 3 గంటలకు" అని ప్రతి ఒక్కరికీ కంఠతా రావాలి. ఎవరి ఇంట్లో వాళ్లు, సహాయ కేంద్రంలో ఉంటే అక్కడే, మెల్లగా. గొలుసు కోసం ఎవరూ గాలిలో నడిచి మందిరానికి రావక్కర్లేదు.

వంతులో చెప్పడానికి మాటలు చాలడం లేదనేవాళ్లు ఉంటారు. అరగంటను ఇలా పంచుకోమనండి: ఒక కీర్తన చదవడానికి 5 నిమిషాలు, తాజా బులెటిన్‌లోని జిల్లాల పేర్లు, అధికారులు, సిబ్బంది కోసం 10, ప్రతి వంతుకూ ఇచ్చే చీటీలో ఉన్న, సాయం కావలసిన మనుషుల పేర్లతో 10, మిగతాది మౌనంగా. ఉచ్చరింప శక్యం కాని మూలుగులతో ఆత్మ తానే విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో ఉంది, మౌనానికి భయపడొద్దు.

గల్ఫ్_తెలుగు

లంగరు అన్నా, అర్ధరాత్రి వంతులు మాకు ఇచ్చేయండి. కోనసీమ, పశ్చిమ గోదావరి ఊళ్లవాళ్లు కువైట్‌లో వేలల్లో ఉన్నారు. మీకు రాత్రి 1 అయితే మాకు ముందురోజు రాత్రి 10:30. అమెరికా డాలస్‌లోని తెలుగు సంఘాలకు అక్టోబరులో అది మధ్యాహ్నం 2:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం గంట వెనక్కి జరుగుతుంది, అప్పుడు 1:30. ఈ తేడా పట్టికలో రాయకపోతే ఒక వంతు ఖాళీగా పోతుంది.

తెల్లవారుజాము 1 నుంచి 4 దాకా ఊరివాళ్లను పడుకోనిస్తే పొద్దున తరలింపు పనికి బలం ఉంటుంది. మాకు కావలసింది ఒక్కటే, ప్రతి మూడు గంటలకు ఒక చిన్న సందేశం. ఊళ్లో సిగ్నల్ పోతే మేము విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం సమాచారం చూసి ప్రార్థిస్తాం.

నర్సు_అక్క

ఉపవాసం గురించి అడిగారు. ఉపవాసం విలువైనదే, ఉపవాసం ప్రతిష్ఠించమన్న యోవేలు 2 అందరికీ తెలుసు. కానీ తుపాను రోజు ఉపవాసం మామూలు శుక్రవారం ఉపవాసం లాంటిది కాదు. అంబులెన్సు రాలేని రోజు అది.

ఉండకూడనివాళ్లు: సుగరుకు ఇన్సులిన్ గానీ, సుగరు తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, క్షయ మందులు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పిల్లలు. వీళ్లతోపాటు ఆ రోజు బరువులు మోసేవాళ్లు, మనుషులను తరలించేవాళ్లు, పడవ నడిపేవాళ్లు కూడా. పౌలు 14 రోజులు తినని నావికులకు రొట్టె విరిచి, మీ ప్రాణరక్షణకు ఇది అవసరమని చెప్పి తినిపించాడు. పనివాళ్లకు ఉపవాసం వద్దనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

మిగతావాళ్లు ఒక పూట మానొచ్చు, నీళ్లు మాత్రం మానకండి. ఉపవాసం ఉన్న మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే అది సుగరు పడిపోవడం కావచ్చు. పరిశుద్ధాత్మ కదలిక అనుకుని చుట్టూ చేరి చేతులుంచి కూర్చోవద్దు. మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

మేస్త్రీ_యోసేపు

మందిరం గురించి ఎవరూ రాయలేదు. ప్రార్థన కోసం జనాన్ని పిలిచి రేకుల మందిరంలో కూర్చోబెట్టడం ప్రమాదం. గాలి రేకును తోయడం కంటే పైకి లాగేది ఎక్కువ, అదీ అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర. గాలి వచ్చేవైపు తలుపు తెరుచుకుంటే లోపలి ఒత్తిడి కూడా కలుస్తుంది, కప్పు ఎగిరిపోతుంది. రేకులను పట్టి ఉంచే జె బోల్టులు తీరంలో ఉప్పుగాలికి తుప్పు పడతాయి. పైకి బాగానే కనపడుతుంది, మర తిప్పితే విరిగి చేతిలోకి వస్తుంది. సెప్టెంబరులోనే ప్రతి బోల్టూ తిప్పి చూసి పాడైనవి మార్చండి.

24 గంటల హెచ్చరిక వచ్చాక రేకుల మందిరానికి తాళం వేయండి. స్లాబు మందిరమైనా పల్లంలో ఉంటే అంతే. అధికారులు తుపాను షెల్టరుగా ప్రకటించిన భవనానికే వెళ్లాలి. "దేవుని మందిరంలో ఉంటే ఏమీ కాదు" అని ఎవరైనా అంటే మత్తయి 4లో దేవాలయ శిఖరం మీది నుంచి దూకమన్నది ఎవరో గుర్తుచేయండి.

డిసెంబరు తుపానులకు ఇంకో పని ఉంది. మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. అప్పటికి మందిరాల మీద క్రిస్మస్ స్టార్లు, వెదురు గడలు, లైట్ల తీగలు కట్టేసి ఉంటాయి. అన్నీ దించేయాలి, షామియానా ఉంటే విప్పాలి. గంట స్తంభం మీద స్పీకర్లు కూడా.

మైకు మాత్రం తీసి పంచాయతీకి ఇవ్వండి, దండోరాకు పనికొస్తుంది. తరలింపు చెబుతున్న సమయంలో మందిరం మైకులో పాటలు, ప్రార్థనలు పెడితే ఊరికి హెచ్చరిక వినపడదు. జనరేటరు ఉంటే తలుపులకు, కిటికీలకు 20 అడుగుల దూరంలో బయటే ఉండాలి, దాని పొగ వాసన లేకుండానే మనిషిని చంపుతుంది. కొవ్వొత్తుల బదులు టార్చి.

ప్రశ్నార్థకం

ఇవన్నీ బాగున్నాయి. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. "ప్రార్థన శక్తి" అంటున్నాం. 1977లో దివిసీమలో ప్రార్థించినవాళ్లు లేరా? 1755 నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగ రోజున లిస్బన్‌లో భూకంపం వస్తే చర్చిల్లో ఉన్నవాళ్లే వాటి కింద నలిగిపోయారు. 2006లో అమెరికాలో గుండె బైపాస్ రోగులు 1,802 మంది మీద విజ్ఞాపన ప్రార్థన అధ్యయనం చేశారు. ప్రార్థన అందుతుందో లేదో తెలియనివాళ్లలో అందినవారికి 52 శాతం, అందనివారికి 51 శాతం సమస్యలు వచ్చాయి. తప్పక ప్రార్థిస్తున్నామని చెప్పించుకున్నవాళ్లలో 59 శాతం. విశ్వాసిగానే అడుగుతున్నాను, దీనికి జవాబు లేకుండా సాక్ష్యాలు చెప్పుకోవడం సరైనదేనా?

మందిర_కాపరి

తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. ప్రార్థన ఎంత వేస్తే తుపాను అంత తగ్గుతుందన్న లెక్క బైబిల్లో ఎక్కడా లేదు. ఆ అధ్యయనం కొలవబోయింది అలాంటి లెక్కనే, అది దొరకలేదు. నాకు ఆశ్చర్యం లేదు. మన దేవుడు ఒక వ్యక్తి, మీట నొక్కితే పనిచేసేవాడు కాదు. ఆమోసు 7లో మిడతలు, అగ్ని చూసి ప్రవక్త వేడుకుంటే దేవుడు రెండుసార్లు మానుకున్నాడు. అదే అధ్యాయంలో మూడోసారి మట్టపుగుండు దర్శనంలో ఇక దాటిపోనన్నాడు. రెండూ ఒకే పుటలో ఉన్నాయి, మనం రెండూ చదవాలి.

చనిపోయినవాళ్ల విషయంలో యేసు మాట స్పష్టం. సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే అపరాధులనుకుంటున్నారా, కారు అన్నాడు, లూకా 13లో. అందుకే "ఫలానా ఊరి పాపం వల్ల ఉప్పెన వచ్చింది" అని పుల్పిట్ మీద నుంచి అనే హక్కు ఎవరికీ లేదు. దివిసీమలో ప్రార్థించినవాళ్లూ ఉన్నారు, ప్రార్థిస్తూనే కొట్టుకుపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల విశ్వాసం తక్కువని అనడం పాపం.

మరి శక్తి ఎక్కడుంది? నేను చూపగలిగినది ఇది. 1977 తరవాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగయ్యాయి. 1990 మేలో మచిలీపట్నం దగ్గర పెద్ద తుపాను వచ్చినప్పుడు లక్షన్నర మందికి పైగా ముందే తరలించారు, మరణాలు వెయ్యిలోపు. ఒడిశాలో 1999 తుపానుకు దాదాపు 10,000 మంది పోయారు, 2013 ఫైలిన్‌కు దాదాపు పది లక్షల మందిని కదిలించారు, మరణాలు పదుల్లోనే. "ప్రాణాలు కాపాడు ప్రభువా" అన్న ప్రార్థనకు ఇవి జవాబులు కావా? ఇంజనీరు చేతిలో, తహసీల్దారు జీపులో వచ్చిన జవాబును జవాబు కాదనడం కృతజ్ఞత లేకపోవడమే.

ప్రశ్నార్థకం

"మట్టపుగుండు" మాట నాకు బాగా తగిలింది కాపరి గారూ. అయితే 2013 నవంబరులో లెహర్ తుపాను సంగతి? అతి తీవ్ర తుపానుగా మచిలీపట్నం మీదికి వస్తోందని అందరూ వణికారు. సముద్రంలోనే బలం పోయి, 28న వాయుగుండంగా తీరం దాటింది. చాలా సంఘాలు అది ప్రార్థన ఫలితమని సాక్ష్యం చెప్పాయి.

వాతావరణ_విద్యార్థి

లెహర్ బలహీనపడటానికి కారణాలు ఉన్నాయి. పొడిగాలి లోపలికి చొరబడింది, పై గాలి కింది గాలి వేరువేరు వేగాల్లో వీచి, మేడలా నిలువుగా లేచిన తుపానును వంచేసింది. కారణం తెలిసింది కదా అని కృతజ్ఞత చెల్లించకూడదని కాదు. ఏలీయా ప్రార్థిస్తే వాన వచ్చింది, అది సముద్రం నుంచి లేచిన చిన్న మేఘంగానే వచ్చింది. కాకపోతే సాక్ష్యం "దేవుడు కరుణించాడు, స్తోత్రం" అన్న చోట ఆగాలి. "మా సంఘం ప్రార్థన వల్ల ఆగింది" అని ముందుకెళితే, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టినప్పుడు అక్కడివాళ్లు ప్రార్థించలేదని చెప్పినట్టే అవుతుంది.

ఇచ్ఛాపురం_సరిహద్దు

ఇక్కడ నాకు గట్టిగా చెప్పాల్సింది ఉంది. "తుపానును ఒడిశా వైపు మళ్లించు ప్రభువా" అన్న ప్రార్థన కోస్తా సంఘాల్లో వినపడుతూనే ఉంటుంది. సరిహద్దున ఉన్నవాళ్లకు ఆ మాట ఎలా గుచ్చుకుంటుందో ఆలోచించండి. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. గోపాల్‌పూర్‌లోనూ మత్స్యకారుల్లో తెలుగువాళ్లు ఉన్నారు. తెలుగువాళ్లు లేకపోయినా సరే, అది విజ్ఞాపన కాదు. అబ్రాహాము సొదొమ కోసం అడిగాడు, సొదొమ మీదికి పంపమని అడగలేదు.

అడగాలంటే "సముద్రంలోనే బలం తగ్గించు" అని అడగండి, లెహర్‌కు జరిగినట్టు. దారి మారితే ఆ గంట నుంచే కొత్త దారిలో ఉన్న జిల్లాల పేర్లు పట్టికలో ఎక్కించండి. మన ఊరు తప్పించుకున్నందుకు స్తుతి ఆరాధన పెట్టడం, అదే రాత్రి పక్క జిల్లా మునుగుతుంటే, తొందరపాటు. గొలుసు విప్పొద్దు, దిక్కు మార్చండి.

తీరపు_కావలి

సరిహద్దు అన్నయ్యా, ఈ మాట పద్ధతిలో మొదటి పుటలోనే రాస్తాం.

ఇంకొకటి. ప్రతి తుపానుకు వాట్సాప్‌లో "ఫలానా దైవజనునికి దర్శనం వచ్చింది, ఫలానా ఊరు తుడిచిపెట్టుకుపోతుంది, 10 గ్రూపులకు పంపండి" అన్న సందేశాలు తిరుగుతాయి. సంఘ గ్రూపుల్లో ఏం చేయాలి?

లంగరు

హెచ్చరిక మొదలవగానే గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చండి. ఇద్దరు అడ్మిన్లు చాలు, ఒకరు ఊళ్లో, ఒకరు దూరాన. బులెటిన్, వంతుల మార్పు, తప్పిపోయినవాళ్ల సమాచారం, ఈ మూడే రావాలి. తేదీ లేని వీడియో ఏదీ పెట్టకూడదు. పాత హుద్‌హుద్ వీడియోలు ప్రతి ఏడూ కొత్తవిగా తిరుగుతుంటాయి. దర్శనం సంగతి కాపరి గారితో నేరుగా చెప్పమనండి, ఆయన పరీక్షిస్తారు. ప్రవక్త అగబు కరవు గురించి ముందే చెప్పినప్పుడు అంతియొకయ సంఘం దాన్ని ఫార్వర్డ్ చేయలేదు, ప్రతివాడు తన శక్తికొద్దీ డబ్బు పోగుచేసి బర్నబా, సౌలుల చేత పంపింది. ప్రవచనానికి సంఘం చేయాల్సింది అది. సహాయం కావాలంటే 112, రాష్ట్ర కంట్రోల్ రూం 1070, జిల్లాది 1077. ఈ మూడు నంబర్లు వంతుల కాగితం పైనే పెద్ద అక్షరాలతో రాయండి.

నర్సు_అక్క

వాతావరణం తమ్ముడు 24 గంటల అంశాలు దిగువలో రాస్తానని రాయలేదు, నేను పూర్తిచేస్తా. "అనారోగ్యంతో ఉన్నవారి కోసం" అని ప్రార్థిస్తే ఎవరికీ భారం పుట్టదు. పేరు కావాలి, పేరు పక్కన ఒక మనిషి కావాలి. నెలలు నిండిన అమ్మాయి పేరు చీటీలో ఉంటే, ఆ చీటీ ఎవరి వంతులో ఉందో ఆ ఇద్దరే ఆమెను ముందే ఆసుపత్రికి చేర్చారో లేదో కనుక్కోవాలి, ఆశా కార్యకర్తతో మాట్లాడాలి. డయాలసిస్ ఉన్నాయన తుపానుకు ముందురోజే చేయించుకున్నాడా? ఫిట్స్ మందులు, బీపీ మాత్రలు, ఇన్సులిన్ కనీసం వారానికి ఉన్నాయా? ఇల్లు వదలనంటున్న ముసలమ్మ ఎందుకు వదలనంటోంది? చాలాసార్లు గేదె కోసం, లేదా పట్టా కాగితాల కోసం. గేదెను విప్పి మెరకకు తోలేవాళ్లు, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి నడుముకు కట్టేవాళ్లు ఉంటే ఆమె కదులుతుంది. ఈ చీటీల్లో సంఘంవాళ్ల పేర్లే ఉండకూడదు, వీధిలోని అందరి పేర్లూ ఉండాలి.

మందిర_కాపరి

నర్సు అక్క చివరి మాటకు ఒకటి కలుపుతాను. సహాయ కేంద్రంలో అన్నం వడ్డించే ముందు అందరిచేత కళ్లు మూయించి ప్రార్థన చేయించొద్దు. ఆకలితో ఉన్నవాడు కాదనలేడు, కాదనలేనివాడిచేత చేయించేది ప్రార్థన కాదు. వడ్డించేవాళ్లు వంటశాలలో ప్రార్థించుకుని రండి. ఎవరైనా "మా కోసం ప్రార్థించండి" అని అడిగితే పక్కకు తీసుకెళ్లి రెండు నిమిషాలు, మెల్లగా. ఫొటో తీయొద్దు. పోయినవాళ్ల ఇంటికి వెళితే వచనం తొందరగా ఎత్తుకోవద్దు. యోబు స్నేహితులు మంచిగా చేసింది ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చోవడమే, నోరు తెరిచాకే చెడింది.

గల్ఫ్_తెలుగు

డబ్బు పంపే విషయం కూడా రాయండి. ఇక్కడ కానుక పోగుచేసి ఎవరికి పంపాలో తెలియక ఆగిపోతున్నాం.

లంగరు

సంఘం పేరుతో పోగుచేసిన విదేశీ కానుకను పాస్టర్ గారి సొంత ఖాతాలో వేయకండి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతా ద్వారానే మొదట రావాలి. చిన్న సంఘాలకు అది ఉండదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే పంపండి. ఇంటివాళ్లకు ఇంటి ఖర్చుకు పంపుకునేది వేరు, దాన్ని దీనితో కలపొద్దు.

ఇచ్ఛాపురం_సరిహద్దు

తుపాను దాటాక ప్రార్థన మొదటి ఆదివారంతో ఆగిపోతోంది, అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. తిత్లీ తరవాత ఉద్దానంలో కూలింది కొబ్బరి, జీడిమామిడి. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి పట్టిక ఇలా మార్చండి. మొదటి వారం రోజూ: తెగిన కరెంటు తీగలు, నీళ్లలో నుంచి ఇళ్లలోకి వచ్చే పాములు, స్తంభాలెక్కే లైన్‌మెన్, కాలువ గండ్లు పూడ్చేవాళ్లు, తాగునీరు. రెండో వారం నుంచి నెల దాకా వారానికి రెండుసార్లు: విరేచనాలు, డెంగీ, బడి తెరవడం, పంట నష్టం రాసే సిబ్బంది. కౌలు రైతుల పేర్లు ఆ జాబితాలోకి ఎక్కాయో లేదో సంఘంలో చదువుకున్న పిల్లలు గ్రామ సచివాలయానికి వెళ్లి చూడాలి, జాబితా అక్కడ అంటిస్తారు. ఆ తరవాత ఏడాది పాటు నెలకొకసారి, వలలు పోయినవాళ్లు, అప్పు చేసి బోటు బాగుచేసుకున్నవాళ్లు. మొదటి వారం చీటీల్లోని పేర్లే ఏడాదీ కొనసాగాలి.

తీరపు_కావలి

చీటీల బదులు ఒక పుస్తకం పెడితే? నాలుగు గళ్లు: పేరు, అవసరం, ఎవరి వంతు, ఏమైంది. నాలుగో గడిలో మంచి జరిగినా జరగకపోయినా ఉన్నది ఉన్నట్టు రాస్తాం.

నర్సు_అక్క

పెట్టండి, కానీ అవసరం గడిలో జబ్బు పేరు రాయొద్దు. "మందు అందాలి", "ఆసుపత్రికి చేరాలి" అని రాస్తే చాలు. పుస్తకం ఒక్కరి దగ్గరే, ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. ఏ పుటా ఫొటో తీసి గ్రూపులో పెట్టకూడదు.

తీరపు_కావలి

అలాగే అక్కా. ముసాయిదా రాసి ఇక్కడే పెడతాను. ఉపవాసం భాగం మీరు, షెల్టరు భాగం మేస్త్రీ గారు ఒకసారి చూడాలి. గల్ఫ్ తమ్ముడూ, రాత్రి 1 నుంచి 4 దాకా వంతులకు మీవైపు నుంచి పన్నెండు మంది పేర్లు కావాలి.